అధ్యక్షులవారి ఇంట్లో ఫ్యాను

ఫ్యాను కట్టెయ్యాలి. రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టాలి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చెయ్యాలి. ఐ బ్యాంకుకు ఫోన్ చెయ్యాలి. ఏడవడం ఆ తర్వాత.

మనిషి పోగానే చెయ్యవలసిన ఈ పనులను కొవ్వూరు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నేర్పినవారు నేత్రదాన సమితి అధ్యక్షులు మణిశంకర్ గారు. ఇప్పుడు ఆయన తల్లి సీతారామలక్ష్మి గారే హాల్లో చాప మీద ఉన్నారు. ఆవిడ ముఖం మీదికి ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

సమితి కార్యదర్శి సురేష్‌బాబు దూది కట్ట పట్టుకుని పరుగున వచ్చాడు. చేపలు పట్టే ఇళ్లలోంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు. అధ్యక్షులవారి మాటంటే అతనికి వేదం. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, ముందుగా ఫ్యాను కట్టేశాడు. మణిశంకర్ గారు లేచి మళ్లీ వేశారు.

"ఉండనివ్వవయ్యా. జనానికి ఉక్కపోస్తోంది."

"కళ్లు ఆరిపోతాయి కదండి."

"ఆరిపోనీ."

దుఃఖంలో ఉన్నారు, మాట తూలుతోంది అనుకున్నాడు సురేష్‌బాబు. నెమ్మదిగా గుర్తు చేశాడు. రాజమండ్రి ఆస్పత్రిలో రమ్యశ్రీ అనే పిల్ల ఉంది. కోతలప్పుడు వరికంకి గుచ్చుకుని నల్లగుడ్డు మీది పొర తెల్లబడిపోయింది. రెండో కన్ను చిన్నప్పుడే పోయింది. కార్నియా దొరికితే రేపే ఆపరేషన్ చేస్తామన్నారు. ఐ బ్యాంకు టెక్నీషియన్ ఐసు పెట్టెతో బ్రిడ్జి దాటుతున్నాడు కూడా.

"నన్నడక్కుండా ఫోన్ ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"మీరేనండి. అడుగుతూ కూర్చుంటే ఆలస్యమవుతుంది, ముందు ఫోన్ చెయ్యమని ప్రతి సభలోనూ చెబుతారు కదండి."

మణిశంకర్ గారు జువాలజీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి. వాదన ఆయనకు కొత్త కాదు. అమ్మకు శుక్లం ఆపరేషన్ అయింది కనక పనికిరాదన్నారు. శుక్లం లోపలి కటకానికి వచ్చేది, మనకు కావలసింది పైపొర అన్నాడు సురేష్‌బాబు. షుగరుందన్నారు. షుగరున్నా ఇవ్వవచ్చని కరపత్రం వేయించింది మీరే అన్నాడు. అప్పుడాయన ఏకంగా నాడీమండలానికి ఎక్కేశారు. కన్నంటే ఏమనుకుంటున్నావు, మెదడే ముందుకు పొడుచుకొచ్చి లోకాన్ని చూస్తోంది, దాన్ని ముట్టుకుంటే మెదడును ముట్టుకున్నట్టే అన్నారు. సభల్లో ప్లాస్టర్ కన్ను నమూనా విప్పి, దృక్‌నాడిని వేలితో ఆడిస్తూ, ప్రాణం పోయాక ఇది తెగిన కేబుల్ వైరండీ అని చప్పట్లు కొట్టించుకునేదీ ఆయనే.

గోడ వారగా కూర్చున్న మేనమామ భాస్కరం గారు దగ్గారు. కళ్లు తీసేసి పంపితే మా అక్క వచ్చే జన్మలో గుడ్డిగా పుడుతుంది, తెచ్చుకున్న శరీరం తెచ్చుకున్నట్టే అగ్నికి అప్పజెప్పాలి అన్నారు. ఇలాంటి మాట ఎవరైనా అంటే మణిశంకర్ గారు మైకు పట్టుకుని అరగంట ఉతికి ఆరేసేవారు. ఇప్పుడు కండువాతో కళ్లొత్తుకున్నారు.

"పెద్దల మాట కాదనలేనయ్యా."

టెక్నీషియన్‌ని గేటు దగ్గరే దణ్ణం పెట్టి పంపించేశారు.

సురేష్‌బాబు పెరట్లోకి వెళ్లి రమ్యశ్రీ తండ్రికి ఫోన్ చేశాడు. పర్లేదు బాబూ, ఇంకొన్నాళ్లు చూస్తాం, ఆ అమ్మగారి ఆత్మకు శాంతి కలగాలి అన్నాడాయన. తిట్టినా బాగుండుననిపించింది సురేష్‌బాబుకు. వెనకాలే వచ్చిన మణిశంకర్ గారిని మొట్టమొదటిసారి నిలదీశాడు.

"వచ్చే జన్మ ఉందని మీరు నిజంగా నమ్ముతున్నారాండి?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"జన్మా లేదు, పాడూ లేదు. రెప్ప ఎత్తితే కుడి కంట్లో కుట్ల గుర్తులు కనిపిస్తాయి. ఆ టెక్నీషియన్ ఇదేంటండీ అని అందరి ముందూ అడుగుతాడు. అది అమ్మది కాదయ్యా. ఎవరో ఇచ్చింది. శుక్లమని చెప్పి వేయించాను. చేపల తట్ట ఎదురైతే ఇంటికొచ్చి తలారా స్నానం చేసే మనిషి. ఇంకొకరి కన్నుతో దేవుడికి దీపం పెడుతున్నానని తెలిస్తే బతికేదా? ఇప్పుడు మామయ్యకి తెలిస్తే పాడె పట్టేవాడుండడు."

సురేష్‌బాబు తలుపులోంచి హాల్లోకి చూశాడు.

"ఎవరిదండి ఆ కన్ను?"

"దాత పేరు చెప్పకూడదు. రూలు. నీకు తెలుసుగా."

సురేష్‌బాబు తలూపాడు. రూలంటే అతనికి గౌరవం. ఆ కన్ను దొరికిన రోజు ఐసు పెట్టెను స్వయంగా ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి, వరసలో ఉన్నవాళ్లను వెనక్కి నెట్టించి, తల్లిని ముందు పడుకోబెట్టిన అధ్యక్షులవారికి మాత్రం రూలు ఇవాళే గుర్తొచ్చింది.

పొద్దు వాలేవేళకు గోదావరి ఒడ్డున చితి పేర్చారు. కట్టెలు దింపించింది సురేష్‌బాబే. నిప్పు పెట్టే ముందు పురోహితుడు పోయినవారి గోత్రం, పేరు చెప్పమన్నాడు. మణిశంకర్ గారు ఒక్క పేరే చెప్పారు. ఆ మంటలో ఇంకొకరి కన్ను కూడా కాలింది. ఆ పేరు అక్కడ ఎవరూ అనలేదు కనక, ఇది చదివిన మీరైనా ఓసారి తలుచుకోండి: బుల్లియ్య. గోదాట్లో వల వేసుకుని బతికినవాడు, సురేష్‌బాబు వాళ్ల నాన్న.