ఖాళీ తెర

"ఆ వరుస మళ్ళీ చదువక్కా. నాన్న ఈల గోలలో నాకేం వినబడి చావట్లేదు."

అక్క కంప్యూటర్ ఆటల పుస్తకంలోని ప్రోగ్రాము చదువుతుంటే, చెల్లి పాత కంప్యూటర్లో టైపు చేస్తోంది. ఇంతలో తెర టప్పున ఆరిపోయింది. పక్కగదిలో ఈల మాత్రం సాగుతూనే ఉంది.

"కొట్టిందంతా క్యాసెట్‌లోకి ఎక్కించి దాచుకోలేదు కదే! పొద్దుటి నుంచీ పడ్డ చాకిరీ గంగలో కలిసింది!"

చెల్లి రుసరుసలాడుతూ వసారాలోకి పోయింది. కాసేపటికి తెర వెలిగింది, ఖాళీగా.

"ఎవరో మెయిన్ స్విచ్ దించేశారక్కా. స్టూలెక్కి నేనే పైకి నెట్టా."

"నాన్నకి చెప్పావా?"

"నిచ్చెనెక్కి ఫ్యాను వైర్లు విప్పుతున్నాడు. కదిలిస్తే కసురుతాడని చెప్పలేదు."

పేజీలు వెనక్కి తిప్పుతున్న అక్క ఆపేసి, పక్కగది వైపు చెవి రిక్కించింది.

"మొదటి నుంచీ చదువు," అంది చెల్లి, కుర్చీలో సర్దుకుంటూ. "ఈల కూడా ఆగిపోయిందిగా."