నాలుగు లీక్ కాడలు

"దొంగ దొరికాడు గొడెలీవ్, తొందరగా రా."

తోటల సంఘం పెద్ద రోంబౌట్ పిలుపు విని గొడెలీవ్ కాలువ గట్టున అందరూ కూరగాయలు పండించుకునే మడుల దగ్గరికి పరుగెత్తింది.

నవంబర్ పొగమంచులో ఆమె మడి పక్కన ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో గోనెసంచి. దాంట్లోంచి లావాటి ఉల్లికాడల్లాంటి లీక్ కాడల తెల్లటి మొదళ్లు కనబడుతున్నాయి.

వేసవిలో నాటిన మొక్కలవి. చలి ముదిరాకే వాటికి తీపి వస్తుంది. పక్క వీధిలో ఉండే కూతురు ఎల్కేకు ఆరో నెల. ఏదీ సయించని ఆ పిల్లకు తల్లి కాచే లీక్ సూపు ఒక్కటే లోపలికి పోతోంది.

"అడిగితే ఇవ్వనా? ఈ వయసులో దొంగతనం ఎందుకయ్యా?"

"తినడానికి కాదమ్మా. పరీక్ష చేయించాలి. నాలుగు కాడలు చాలు."

"ఏం పరీక్ష?"

"ఈ నేల మంచిది కాదు. ఇక్కడ పండింది వండకు."

రోంబౌట్ నవ్వాడు.

"నెల నుంచీ ఇదే పాట. ఇరవై ఏళ్లుగా తింటున్నాం. మాకేమైనా కొమ్ములు మొలిచాయా తాతా?"

"మీకు తెలియదు బాబూ."

"నీకెలా తెలుసు? చెప్పు మరి."

ముసలాయన పెదవులు కదిలాయి. తల దించుకున్నాడు.

"ఏం చెబుతాడు? పిచ్చి ముదిరింది," అంటూ రోంబౌట్ సంచి లాక్కున్నాడు.

ఆ తోపులాటలో ముసలాయన బురదలో పడ్డాడు. ఎవరూ లేపలేదు.

తనే లేచాడు.

"ఒక్కటైనా ఇవ్వమ్మా," అన్నాడు గొడెలీవ్‌తో.

"పోవయ్యా, పొద్దున్నే నీ గోలేంటి."

ఆ కాడలనే ఆ సాయంత్రం కడిగి, చక్రాలుగా తరిగి, వెన్నలో మగ్గబెట్టి, బంగాళాదుంపలతో ఉడికించింది.

ఎల్కే రెండు గిన్నెలు తాగింది.

"ఇంకొంచెం ఉందా అమ్మా?"

క్రిస్మస్‌కు ముందు, ఏడో నెలలోనే, ఎల్కేకు నొప్పులు వచ్చాయి.

ఆడపిల్ల. మూడు రోజులు బతికింది.

డాక్టరమ్మ రక్త పరీక్ష కాగితం చూస్తూ అడిగింది.

"మీ అమ్మాయి ఒంట్లో సీసం ఇంత ఉందేంటి? కూరగాయలు ఎక్కడివి తింటారు?"

ఈ నేల మంచిది కాదన్న ముసలాయన మాట గుర్తొచ్చింది గొడెలీవ్‌కు. బయటికొచ్చి, బస్సెక్కి, నేరుగా మట్టి పరీక్షలు చేయించే పురపాలక కార్యాలయానికి వెళ్లింది.

తోటల సంగతి అడగ్గానే అక్కడి ఉద్యోగిని ఓ ఫైలు తీసింది.

"ఫ్లోరిమోన్ అనే పెద్దాయన ఆ తోటల మట్టి తెచ్చిచ్చాడు. అందులో సీసం తేలింది. పంటలోకి కూడా దిగిందని రుజువైతే వెంటనే మూయించేవాళ్లం. మీ సంఘం మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. నాలుగు కాడలు తెచ్చినా చాలన్నాం ఆయనతో."

"తెచ్చాడా?"

"లేదు. ఎవరూ ఇవ్వలేదన్నాడు పాపం."

"ఎక్కడుంటాడు?"

"పోయిన వారమే చనిపోయాడు."

గొడెలీవ్ ఫైలును తనవైపు తిప్పుకుంది.

"ఆయనకెలా తెలిసింది?"

ఉద్యోగిని ఓ అర్జీ ఆమె చేతిలో పెట్టింది. వణుకుతున్న అక్షరాలు. కింద సంతకానికి పైన ఒకే వాక్యం:

"ముప్పై ఏళ్ల కిందట, అక్కడ ఇంకా తోటలు లేని రోజుల్లో, సీసం ఫ్యాక్టరీ బూడిదను లారీలో తెచ్చి అక్కడున్న పెద్ద గుంతలో పోసి, పైన మట్టి కప్పింది నేనే."