గరుకు గోదావరి

బొగ్గు పొడి తుడుస్తున్న గుడ్డ గోదావరి దగ్గర చిక్కుకుంది.

శ్రీసత్య విశాఖ పోర్టు పక్కన హైస్కూల్లో సోషల్ టీచరు. తలుపులు ఎంత బిగించినా లోపలికొచ్చే నల్లపొడిని నెలకోసారి పటాల మీంచి తుడవడం ఆమెకు అలవాటు.

గుడ్డ తీసేసి వేలితో తడిమింది. గరుగ్గా తగిలింది.

భద్రాచలం నుంచి అంతర్వేది దాకా నది పొడుగునా సన్నటి చిల్లులు. కృష్ణా అంతే. సముద్రతీరమూ అంతే. విశాఖపట్నం దగ్గరైతే కందిగింజ పట్టేంత చిల్లు.

ఆమెకు కడుపు మండిపోయింది. నెల రోజులు కూర్చుని తన చేత్తో గీసి రంగులేసిన పటం అది. పది రోజుల్లో దువ్వాడలో బోధనోపకరణాల మేళా. టీచర్లు స్వయంగా తయారుచేసినవే అక్కడ పోటీకి పెట్టాలి. మొదటి బహుమతి ఈసారి తనదేనని స్టాఫ్ రూములో అందరికీ చెప్పేసింది కూడా.

వాచ్‌మన్ వీరన్న ఆచూకీ చెప్పాడు. సాయంత్రం మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చే ముసలాయనట. గది ఖాళీ అయ్యాక పటాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి, వెనకవైపు నుంచి పొడుస్తుంటాడట.

ఆ సాయంత్రమే పట్టుకుంది.

పేరు గురువులు. పోర్టులో చిరిగిన గోనెబస్తాలు కుట్టి కుట్టి ముసలివాడైన మనిషి. చేతిలో ఆ బస్తాలు కుట్టే దబ్బనమే ఉంది. పక్కన మనవరాలు యశస్విని, ఏడో తరగతి.

"పిల్లలు చదువుకునే పటాలతోనా మీ ఆటలు?"

గురువులు మనవరాలి వంక చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

"తప్పయిపోనాదమ్మా. ఆ పటం మాత్రం పారీకండి."

శ్రీసత్య దబ్బనం లాక్కుని సొరుగులో పడేసింది. ఇకపై గేటు దాటనని కాగితం రాసి సంతకం పెట్టమంది. ఆయన వేలిముద్ర వేశాడు. ఏడో తరగతికొచ్చినా తాత చెయ్యి పట్టుకుని నడవడమేమిటి, తోటి పిల్లలతో రాదా అని యశస్వినికి కూడా నాలుగు చీవాట్లు తగిలించింది.

మర్నాడు ఆ పటాన్ని ముక్కలు చేసి రిజిస్టర్లకు అట్టలు వేయించింది. రాత్రులు కూడా కూర్చుని మరో పటం గీసి, అది పాడవకుండా ఫ్లెక్సీగా కొట్టించింది. సరిగ్గా మేళా రోజు పొద్దుటికి చేతికొచ్చింది. నున్నగా, నిగనిగలాడుతూ ఎంత బాగుందో.

ఎంత తిట్టినా, మేళాలో పటం చూపించడానికి యశస్వినిని మించిన పిల్ల లేదు. రాత అధ్వానం, ఒక అక్షరం మీదికి ఇంకో అక్షరం ఎక్కేస్తుంది. కానీ పటం ముందు నిలబెడితే నదులన్నీ వేలుపెట్టి గడగడా చూపించేస్తుంది. అదంతా తన పటాల మహిమేనని శ్రీసత్య మురిసిపోయేది.

మేళాలో అధికారులు వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"గోదావరి చూపించమ్మా."

యశస్విని ఫ్లెక్సీ మీద వేళ్లు పెట్టింది. పైకి వెళ్లాయి, కిందికి వచ్చాయి, మళ్లీ పైకి వెళ్లాయి. చెయ్యి జారుతూ జారుతూ సముద్రం మధ్యలో ఆగింది.

ఎవరో కిసుక్కున నవ్వారు.

బహుమతి వేరే బడికి పోయింది. నా పరువు తీశావని శ్రీసత్య అందరి ముందే కడిగేసింది. పిల్ల ఏడవలేదు. తల దించుకుని నిలబడింది.

మర్నాటి నుంచి బడికి రాలేదు. అలిగింది, అదే వస్తుందిలే అనుకుంది శ్రీసత్య.

మూడు వారాలయ్యాక వీరన్న చెప్పాడు, ఆ ముసలాయన గుండెపోటుతో పోయాడని. పిల్ల మానేసినా ఆయన మాత్రం రోజూ గేటు దాకా వచ్చేవాడట.

"మేడమ్‌తో ఒక్క మాట సెప్పాలనీవోడండి. మీరు వద్దన్నారని నానే రానియ్యలేదు."

సొరుగులో దబ్బనం కనిపించింది. పోయిన మనిషి వస్తువు ఉంచుకోవడానికి మనసొప్పక, సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లింది.

మిట్టమధ్యాహ్నం. యశస్విని గుమ్మంలో కూర్చుని ఉంది. రెండడుగుల దూరంలో నిలబడిన శ్రీసత్య వైపు మొహమెత్తి సూటిగా చూసింది.

"ఎవరండీ?"



లోపలి నుంచి నాయనమ్మ పోతమ్మ వచ్చి, బడి నుంచి వచ్చినారా అమ్మా అని అడిగింది. శ్రీసత్య తల మాత్రం ఊపింది. ఇప్పుడింక దాచి ఏం లాభమనుకుందో ఏమో, పోతమ్మ అంతా చెప్పేసింది. రెండేళ్లుగా పిల్లకి చూపు తగ్గుతూ వచ్చి, ఈ ఏడు బొత్తిగా పోయిందట.

"కళ్లు లేవని తెలిత్తే ఏ దూరపు హాస్టలుకో పంపించేత్తారని ఎవులికీ సెప్పనియ్యలేదమ్మా. ఏ నది ఎటుందో క్లాసులో యిన్నది ఇది సెప్తే, సేతికి తగిలీలాగ గీతలెంబడి పొడిసీవోడు. వచ్చీ యేడు పాఠానికని ఇదీ మొదలెట్టినాడు."

బియ్యం బస్తా మీద పురికొసతో కుట్టిన భారతదేశం. కుట్టు కన్యాకుమారి నుంచి తీరం వెంట పైకి వచ్చి, విశాఖకు బెత్తెడు ఇవతల ఆగిపోయింది.

"ఇంకో దబ్బనం కొనుక్కోరాదా అంటే, మేడమ్ వద్దన్నారు గదా అన్నాడు."

శ్రీసత్య గుమ్మం పక్కనే కూలబడి, సంచిలోంచి దబ్బనం తీసి యశస్విని అరచేతిలో పెట్టింది.

పిల్ల దాన్ని మొన నుంచి మొదలు దాకా తడిమి, గుండెకు ఆనించుకుంది.

"ఇది మా సోషల్ మాస్టారిదండీ" అంది, ఎదురుగా కూర్చున్నది ఎవరో ఇంకా తెలియక.