ఓడ మెట్లు

తమ్ముడు సముద్రంలో పోయి ఏడాదయింది. శవం కూడా దొరకలేదు. వాడు పంపిన ఓడ ఫొటోలు పన్నెండూ టీవీలో మెల్లగా కదులుతూ, ఒకటి కరిగి ఇంకొకటి వస్తుంటే చూడాలని అమ్మ కోరిక.

"ఓడ చాలురా పెద్దోడా. వాడు కనిపిస్తే తట్టుకోలేను," అంది.

నాది ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోల్లోంచి అలిగి వెళ్లిపోయిన బావగార్లను చెరపడం నాకు వెన్నతో పెట్టిన విద్య. రాత్రి షాపు మూసే వేళ దాటాక ఒక్కణ్ణే కూర్చుని, పదకొండు ఫొటోల్లో నవ్వుతున్న తమ్ముణ్ణి చెరిపి, ఆ చోట సముద్రాన్ని అతికించాను.

ఫొటోలన్నీ వరసగా కూర్చి ఆడించి చూస్తే, ఖాళీ డెక్కు మీద వాడి నీడ ఉంది. మనిషిని చెరిపి నీడను మరిచిపోవడం కొత్తవాళ్లు చేసే తప్పు. నన్ను నేనే తిట్టుకుని, అన్నిట్లోనూ నీడను తుడిచేశాను.

మళ్లీ ఆడించాను. పదకొండూ శుభ్రంగా ఉన్నాయి. పన్నెండోది, ఓడ ఎక్కకముందు వాడే రేవులో నిలబడి తీసింది. అందులో మనుషులే లేరని నేను దాన్ని ముట్టుకోలేదు. బొమ్మ నెమ్మదిగా దగ్గరికి జరుగుతుంటే, ఓడ మెట్ల మీద ఒక నీడ కనిపించింది. అచ్చం తమ్ముడికిలాగే, సంచీ బరువుకి ఎడమ భుజం వాలి ఉంది.

ఇంకోసారి ఆడించాను. నీడ ఒక మెట్టు కిందికి దిగింది.

చెరపడానికి చెయ్యి రాలేదు.

ఫోను మోగింది. "ఇంకా ఇంటికి రాలేదేంరా?" అంది అమ్మ.

"కాసేపు ఆగమ్మా," అన్నాను. "ఇంకా నాలుగు మెట్లున్నాయి."