కాకికి ఇచ్చిన మాట

హేమసుందర్ పోయిన పదో రోజు. కృష్ణ ఒడ్డున విస్తరాకులో పిండం పెట్టి, అందరూ దూరంగా జరిగి అరగంటైంది. ఘాటు రెయిలింగు మీది కాకి మాత్రం కదలడం లేదు.

“ఆయన మనసంతా ఆ రేసు మీదే ఉండుంటుంది,” అంది భార్య సుధామణి.

సింగపూర్‌లో నాలుగు రోజులు తిరిగి, చివరి రోజు కార్ల రేసు చూడాలని హేమసుందర్, తమ్ముడు జానకిరామ్ కలిసి ఆర్నెల్ల ముందే టికెట్లు కొన్నారు. వచ్చే నెలే ప్రయాణం.

సుధామణి సంచిలోంచి భర్త టికెట్టు తీసి పిండం పక్కన పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచింది.

“అంత స్పీడుగా ఎందుకు తోలారండీ బండి? వెనకాల తమ్ముడున్నాడని కూడా చూసుకోలేదు. సరే, మీ బదులు మీ తమ్ముడెళ్ళి రేసు చూసొస్తాడు. ముట్టండి.”

కాకి రాలేదు.

“నువ్వు చెప్పు జానకీ. నువ్వంటే ప్రాణం ఆయనకి.”

జానకిరామ్ కట్టు కట్టిన చేత్తోనే దణ్ణం పెట్టి, పిండం ముందు వంగాడు. ఎవరికీ వినపడకుండా గొణిగాడు.

“అన్నయ్యా, ఆ రోజు బండి తోలింది నేనేనని వదినకి ఇవాళే చెప్పేస్తాను.”

కాకి రివ్వున దిగింది. మెతుకులు ముక్కున కరుచుకుని మళ్ళీ రెయిలింగు మీద వాలింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సుధామణి కళ్ళు తుడుచుకుంది.

“ఏం మాటిచ్చావయ్యా?”

జానకిరామ్ ఆమె ముఖంలోకి చూశాడు.

“రేసుకి వెళ్తానన్నాను వదినా.”

కాకి ముక్కు తెరిచింది. మెతుకులు నీళ్ళలో పడ్డాయి.