ఒక విత్తనానికి ఒకటే పేరు

"దేశంలో ఎక్కడికి పోయినా ఈ విత్తనానికి ఇక ఒకటే పేరుండాలి. మీ ఊళ్లో దీన్నేమంటారు?" అనడిగాడు జీపు దిగిన విత్తనాల ఆఫీసరు.

అడిగింది అంకయ్యను. ఏటా ఆ గింజలే అడిగి తెచ్చుకుని విత్తే పెద్దరైతు ఆయన. వాటినిచ్చే ముసలమ్మ ఎదురుగానే కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది.

"గొడ్రాలి జొన్నంటారు బాబూ," అందామె. "నాకు పిల్లల్లేరుగా. రాసుకో."

ఆఫీసరు పెన్ను కదల్లేదు.

"అది వద్దు సార్!" అంకయ్య అడ్డుపడ్డాడు. "ఆ మాట దేశమంతా తిరగాలా ఏంది? గింజలిచ్చే ఈ పెద్దమ్మ పేరే పెట్టండి."

"మంచిది. ఆమె పేరేంటి?"

అంకయ్య గడపలో ఉన్న భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

చెరగడం ఆపి, ముసలమ్మ కూడా అంకయ్య నోటివైపే చూస్తోంది.