గుండీల డబ్బా

తెర మీద కుర్రాడు తన మొదటి ప్రేమలేఖను పొరపాటున లెక్కల మాస్టారి పుస్తకంలో పెట్టాడు. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. బోర్డులు రాసే పెయింటరు నవ్వుతూనే పక్క సీటు వైపు తిరిగాడు. అతని భార్య మాత్రం కళ్లు తుడుచుకుంటోంది. అతని నవ్వు ఆగిపోయింది.

అప్పటిదాకా ఎంత హాయిగా ఉన్నాడని. ఇందాక తెర మీద ఒకడు తండ్రి పేరుతో దొంగ సెలవుచీటీ రాస్తుంటే, "మా బడిలో ఆ పని నాదే. ఎవడేం రాయమన్నా రాసిపెట్టేవాణ్ణి. పేజీకో పెన్సిలు ఫీజు," అని ఆమె చెవిలో గొప్పలు కూడా పోయాడు.

"మీ చేతిరాతకా?" అని ఆమె నవ్వింది.

నవ్వదా మరి. పెళ్లికి ముందే నిచ్చెన మీంచి పడి కుడిచేతి వేళ్లు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఎడమచెయ్యే దిక్కు. కుంచెతో బోర్డుల మీద ఎలాగో నెట్టుకొస్తాడు గానీ, కలం పట్టాడంటే కోడి కెలికినట్టే.

ఇంటర్వెల్లో గడియారాల కొట్టతను ఎదురయ్యాడు. బడిలో పెయింటరుకు బెంచీ నేస్తం. ఆమెను చూడగానే మొహమాటంగా నవ్వి, తల దించుకుని జారుకున్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ వరస.

"వాడు నీకు తెలుసా?"

"మా ఆడపిల్లల బడి మీ బడి వీధి చివరే కదా. మొహం తెలుసు."

"మొహమేనా?"

"సినిమా మొదలవుతోంది, పదండి."

మిగతా సినిమా అతనికి ఎక్కలేదు. అందరూ తెర చూశారు, అతను భార్యను చూశాడు.

ఇంటికి రాగానే ఆమె కుట్టుమిషను దగ్గరికి వెళ్లి గుండీల డబ్బా తెరిచింది. అడుగున మడతపెట్టి ఉన్న కాగితం తీసి చూసుకుంది. పన్నెండేళ్ల కాపురంలో ఆ డబ్బా జోలికి అతనెప్పుడూ పోలేదు. పోవలసిందని ఇప్పుడనిపించింది.

"ఏమిటది?"

"పాత ఉత్తరం."

"ఆ గడియారాల వాడిదేనా?"

ఆమె దాచలేదు. "సంతకం ఆయనదే."

ఇన్నేళ్లూ తన పక్కనున్న మనిషి మనసులో ఇంకొకడున్నాడా అనుకున్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇంకా ఇష్టమేనా?"

"ఆయనా? బడి దగ్గర ఒకే ఒక్కసారి మాట్లాడాను. ఇందులోని మాట ఒక్కటీ ఆయన నోట రాలేదు. అక్కడితో సరి."

"మరి దాచుకోవడం ఎందుకు?"

"నాకు నచ్చింది ఉత్తరం. ఇంత అందంగా రాయగలిగినవాడు నాకు దొరక్కపోతాడా అని చాన్నాళ్లు ఎదురుచూశాను. తర్వాత మీరొచ్చారు."

అంటే తను దొరికినవాడే గానీ కోరుకున్నవాడు కాదన్నమాట. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"చింపేస్తాను."

"చింపండి. ఒక్కసారి చదివి చింపండి."

అతను ఎడమచేత్తో మడత విప్పాడు.

ఆ ఉత్తరం రాసింది అతని కుడిచెయ్యే.